తెలుగు పాఠంలో అక్షరావృత్తి గుర్తింపు: ఆల్గరిథం, లక్షణశాస్త్రం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక పాఠంలో ఏ అక్షరమైనా తిరిగి వచ్చిందా అని తేల్చే ఆల్గరిథం కంప్యూటర్ శాస్త్రంలోని తొలి పాఠాలలో ఒకటి. వర్ణాలు విడివిడిగా ఒకదాని పక్కన ఒకటి నిలిచే లిపిని దృష్టిలో పెట్టుకొని బోధించే ఈ పద్ధతిని తెలుగు పాఠానికి అన్వయించినప్పుడు 'ఒక అక్షరం' అన్న భావనే సందిగ్ధమవుతుంది. యంత్రంలో నిక్షిప్తమయ్యే సంకేతం, కంటికి కనిపించే అక్షరం, చెవికి వినిపించే వర్ణం అనే మూడు ప్రమాణాలు ఒకే పదానికి మూడు వేర్వేరు సమాధానాలిస్తాయి. తెలుగు ఛందోలాక్షణికులూ సంస్కృతాలంకారికులూ ఆవృత్తిని నిర్వచించేటప్పుడు సామ్యాన్ని ముందుగా నిర్ధారించిన తీరును ఈ వ్యాసం ఆల్గరిథం దృష్టితో పరిశీలిస్తుంది. గణన ఆధారంగా సాగే సాహిత్య విమర్శకు అవసరమైన నియమాలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అక్షరావృత్తి, ఆల్గరిథం, యూనికోడ్, అనుప్రాస, యతి, ప్రాస, వర్ణసామ్యం.

1. ఉపోద్ఘాతం:

కావ్యాలలోని శబ్దాలంకారాలను పరిశీలించే వ్యాసాలలో అంకెలు కనిపించడం ఇప్పుడు సాధారణమైంది. ఒక పద్యంలో ఫలానా హల్లు ఇన్నిసార్లు వచ్చింది, కాబట్టి అది వృత్త్యనుప్రాస అని నిర్ణయించడం పరిపాటి. ఒకప్పుడు ఈ లెక్క వేలితో జరిగేది. నేడు పాఠాన్ని కంప్యూటర్‌కు అందిస్తే క్షణంలో పట్టిక తయారవుతుంది. వేలితో లెక్కించే పాఠకుడు 'కా', 'కి', 'క్క' మూడింటిలోనూ కకారాన్ని గుర్తిస్తాడు. ఆ గుర్తింపు అతనికి అప్రయత్నంగా కలుగుతుంది. యంత్రానికి దేనిని దేనితో సమానంగా భావించాలో ముందే చెప్పాలి. చెప్పకపోతే అది తనకు తెలిసిన సామ్యాన్నే వాడుతుంది. ఆ సామ్యం తెలుగు వర్ణవ్యవస్థకు చెందినది కాకపోవచ్చు. అప్పుడు పట్టికలోని అంకె కచ్చితంగానే ఉంటుంది, కాని అది విమర్శకుడు అడిగిన ప్రశ్నకు సమాధానం కాదు. ఈ అంతరం ఎక్కడ ఏర్పడుతుందో, దానిని పూడ్చడానికి ప్రాచీన లక్షణశాస్త్రం ఎంతవరకు తోడ్పడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆల్గరిథం స్వరూపం:

ఆవృత్తిని గుర్తించడానికి ప్రసిద్ధమైన పద్ధతులు మూడు. మొదటిది ప్రతి అక్షరాన్నీ మిగిలిన అన్నింటితో పోల్చడం. 1000 అక్షరాల పాఠంలో ఆవృత్తి లేదని తేల్చాలంటే ఈ పద్ధతికి 4,99,500 పోలికలు అవసరం. రెండవది అక్షరాలను క్రమంలో అమర్చి, పక్కపక్కన ఉన్నవాటిని మాత్రమే పోల్చడం. ఇందులో శ్రమ తగ్గుతుంది కాని అక్షరాల అసలు స్థానాలను వేరుగా గుర్తుపెట్టుకోకపోతే అవి పోతాయి. మూడవది పాఠాన్ని ఒక్కసారి మాత్రమే మొదటి నుంచి చివరకు చదువుతూ, చూసిన ప్రతి అక్షరాన్నీ ఒక సమితిలో చేర్చడం. కొత్తగా వచ్చిన అక్షరం అప్పటికే సమితిలో ఉంటే ఆవృత్తి జరిగినట్లే. హ్యాష్ సెట్ అనే నిర్మాణం ఈ వెతుకులాటను దాదాపు ఒకే అడుగులో ముగిస్తుంది. అందువల్ల ఆచరణలో ఎక్కువగా వాడేది ఈ పద్ధతినే.

వర్ణమాల చిన్నదైతే సమితి స్థానంలో ఒక పట్టికే చాలు. పాత ఆస్కీ సంకేతవ్యవస్థలో 128 స్థానాలున్నాయి. కాబట్టి 128 గడుల పట్టికను ముందే సిద్ధం చేసుకోవచ్చు. పాఠం పొడవు 128 దాటితే చదవకుండానే ఆవృత్తి ఉందని చెప్పవచ్చు. గడుల కంటే వస్తువులు ఎక్కువైనప్పుడు ఏదో ఒక గడిలో రెండు వస్తువులు చేరక తప్పదన్న గణితసూత్రమే దీనికి ఆధారం.

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన విభాగం కూడా 128 స్థానాలదే. దశాంశ పద్ధతిలో అవి 3072 నుంచి 3199 వరకు ఉంటాయి. ఈ పోలిక వల్ల పై పట్టిక తెలుగుకు కూడా యథాతథంగా సరిపోతుందని తోస్తుంది. యంత్రం దృష్టిలో అది నిజమే. ఆ గడులలో ఉన్నవి తెలుగు అక్షరాలేనా అన్నది వేరే ప్రశ్న.

3. 'ఒక అక్షరం' – మూడు ప్రమాణాలు:

యూనికోడ్ తెలుగు పాఠాన్ని అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మొదలైన సంకేతాల వరుసగా నిక్షిప్తం చేస్తుంది. 'శ్రీ' అన్న ఒక్క అక్షరం యంత్రంలో శకారం, పొల్లు, రేఫ, ఈకారపు గుర్తు అనే నాలుగు సంకేతాలు. ఒత్తులకు విడి స్థానాలు లేవు. హల్లు, పొల్లు, మరో హల్లు కలిస్తే తెరమీద ఒత్తు ఏర్పడుతుంది. హల్లులో సహజంగా ఉండే అకారానికి సంకేతమే లేదు. గుణింతపు గుర్తు లేకపోవడమే అకారానికి గుర్తు.

సంకేతం, అక్షరం, వర్ణం అనే మూడు ప్రమాణాలతో నాలుగు పదాలను పరిశీలిస్తే వీటి మధ్య దూరం స్పష్టమవుతుంది.

'అక్క': సంకేతాల వరుస అ, క, పొల్లు, క. కకారం రెండుసార్లు వచ్చింది. అక్షరాలుగా విభజిస్తే అ, క్క. ఆవృత్తి లేదు. వర్ణాలుగా విభజిస్తే అ, క్, క్, అ. రెండు వర్ణాలూ ఆవృత్తమయ్యాయి.

'కాకి': సంకేతాలలో కకారం ఆవృత్తమైంది. అక్షరాలు కా, కి. ఆవృత్తి లేదు. వర్ణాలలో క్ ఆవృత్తమైంది.

'కమల': సంకేతాలలోనూ అక్షరాలలోనూ ఆవృత్తి లేదు. వర్ణాలలో అకారం మూడుసార్లు వచ్చింది.

'ఆకాశం': సంకేతాలు ఆ, క, దీర్ఘపు గుర్తు, శ, సున్న. ఒక్కటీ తిరిగి రాలేదు. పదాది ఆకారానికీ 'కా'లోని దీర్ఘానికీ సంకేతాలు వేరు. మొదటిది 3078, రెండవది 3134. చెవికి మాత్రం ఆ రెండూ ఒకే ఆకారం.

నాలుగు పదాలలోనూ వర్ణప్రమాణం ఆవృత్తి ఉందనే చెప్పింది. అక్షరప్రమాణం ఒక్కదానిలోనూ లేదంది. సంకేతప్రమాణం రెండింట ఉందని, రెండింట లేదని చెప్పింది. ఆల్గరిథం మూడు సందర్భాలలోనూ ఒకటే. మారినదల్లా దానికి అందించిన ప్రమాణం.

అక్షరప్రమాణం కూడా యంత్రానికి స్థిరమైనదేమీ కాదు. పాఠకుడు ఒకటిగా భావించే సంకేతసమూహాన్ని విభజించడానికి యూనికోడ్ కొన్ని నియమాలను నిర్దేశించింది. 2023లో వెలువడిన 15.1 సంచికకు ముందు ఆ నియమాలు పొల్లు తరువాత అక్షరాన్ని విడగొట్టేవి. వాటి ప్రకారం 'అక్క' అంటే అ, క్, క అనే మూడు ఖండాలు. 15.1 సంచికలో తెలుగుతో సహా ఆరు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకుండా ఉంచే నియమం చేరింది. కాబట్టి ఒకే పాఠాన్ని పాత సాధనంతో ఒకరు, కొత్త సాధనంతో మరొకరు లెక్కిస్తే ఫలితాలు భిన్నంగా రావచ్చు. ఏ సంచికను వాడారో చెప్పని పరిశోధనలో ఆ భేదానికి కారణం పాఠకునికి తెలియదు.

మరికొన్ని చిక్కులు కంటికి కనబడవు. ఐత్వపు గుర్తును ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. 'సాఫ్ట్‌వేర్' వంటి పదాలలో ఒత్తు ఏర్పడకుండా ఆపే అదృశ్య సంకేతం ఒకటి ఉంటుంది. పదాల మధ్య ఖాళీ కూడా యంత్రానికి ఒక సంకేతమే. పాఠాన్ని ముందుగా ఏకరూపంలోకి తెచ్చి, ఇటువంటివాటిని తొలగించకపోతే ఖాళీయే ఆవృత్తమైన 'అక్షరం'గా నమోదవుతుంది.

4. ఒక వాక్యం – భిన్న ఫలితాలు:

ఈ పరిశీలన కోసం కూర్చిన ఒక వాక్యాన్ని తీసుకోవచ్చు: "చల్లని చెలమ చెంత చిలుక చూపు చెదిరింది."

బిందువును దాని ముందరి అక్షరంతో కలిపి లెక్కిస్తే ఇందులో 17 అక్షరాలున్నాయి. వాటిలో తిరిగి వచ్చినవి 'చె', 'ది' మాత్రమే. రెండూ రెండేసిసార్లు వచ్చాయి. ఈ ఫలితాన్నే నమ్మితే వాక్యంలో చెప్పుకోదగిన శబ్దసౌందర్యం లేదనుకోవాలి. చదివిన ప్రతివారికీ వినిపించే చకారం ఈ లెక్కలో చ, చె, చెం, చి, చూ అని ఐదు వేర్వేరు అక్షరాలుగా చెదిరిపోయింది.

ఖాళీలనూ విరామచిహ్నాన్నీ విడిచిపెడితే సంకేతాలు 32. వాటిలో చకారం 6 సార్లు, ఇకారపు గుర్తు 5 సార్లు, లకారం 4 సార్లు, ఎకారపు గుర్తు 3 సార్లు వచ్చాయి. ఉకారపు గుర్తు, సున్న, దకారం రెండేసిసార్లు వచ్చాయి. చకారం ప్రథమస్థానంలో నిలిచింది కాబట్టి ఈ లెక్క సరైనదిగా కనిపిస్తుంది. అయితే ఇందులో అకారం ఒక్కసారి కూడా నమోదు కాలేదు. వర్ణాలుగా విడదీస్తే వాక్యంలోని 17 అచ్చులలో అకారాలు 6, ఇకారాలు 5, ఎకారాలు 3, ఉకారాలు 2, ఊకారం 1. అచ్చులలో అత్యధికంగా వచ్చిన వర్ణం సంకేతాల లెక్కలో శూన్యమైంది. హల్లుల గణనకు పాక్షికంగా పనికివచ్చే సంకేతప్రమాణం అచ్చుల గణనకు బొత్తిగా పనికిరాదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

వర్ణప్రమాణంలోనూ మరొక మెట్టు ఉంది. 'చల్లని', 'చూపు' అన్న పదాలలోని చకారం దంత్యం. మిగిలిన నాలుగు పదాలలోనిది తాలవ్యం. ఉచ్చారణను పట్టి లెక్కిస్తే ఆరు చకారాలు రెండుగా, నాలుగుగా విడిపోతాయి. యూనికోడ్‌లో దంత్య చకారానికి వేరే స్థానం ఉన్నా వాడుకలోని రాతలో దానిని పాటించరు. మరి ఇక్కడ ఆవృత్తి ఆరా, నాలుగా? 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగు వర్ణాలను ముప్పయ్యారుగా లెక్కించినప్పుడు దంత్య చజలను విడిగా చేర్చింది. అదే గ్రంథం దంత్య, తాలవ్య చజలకు పరస్పరం సావర్ణ్యాన్ని కూడా విధించింది. రెండింటి మధ్య భేదాన్ని గుర్తించి, నిర్దిష్ట ప్రయోజనానికి వాటిని సమానంగా స్వీకరించడం ఇందులోని పద్ధతి. వర్ణాల సంఖ్య ఒక విషయం, వర్ణాల సామ్యం మరొక విషయం అన్న ఈ వివేకమే ఆల్గరిథం రూపకర్తకు అవసరమైనది.

5. లక్షణశాస్త్రంలో సామ్యభావన:

5.1. అనుప్రాస: 11వ శతాబ్దానికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో అనుప్రాసను వర్ణసామ్యంగా నిర్వచించాడు. అచ్చులు భిన్నమైనా హల్లులు సమానమైతే చాలునని వివరించాడు. ఆల్గరిథం పరిభాషలో చెప్పాలంటే పోల్చడానికి ముందు ప్రతి అక్షరం నుంచి అచ్చును తొలగించాలని దీని అర్థం. పై వాక్యంలో 'చె' ఆవృత్తి కాక చకారావృత్తి ఎందుకు లెక్కకు రావాలో ఈ నిర్వచనం చెబుతుంది.

5.2. ప్రాస: తెలుగు పద్యంలోని ప్రాసనియమం ఇంతకంటే నిర్దిష్టమైనది. పాదాలలోని రెండవ అక్షరాలలో హల్లు సమానం కావాలి, అచ్చు మారవచ్చు. హల్లు సంయుక్తమైతే అదే సంయుక్తం అన్ని పాదాలలోనూ రావాలి. ముందరి అక్షరపు గురులఘుత్వం మారకూడదు. ముందు బిందువుంటే అది కూడా అన్నిచోట్లా ఉండాలి. 'చల్లని', 'తెల్లని' ప్రాసకు కుదురుతాయి. 'చల్లని', 'చెలమ' కుదరవు. సంకేతాల స్థాయిలో రెండింటిలోనూ లకారం ఉన్నా ఒకటి ద్విత్వం, మరొకటి సరళం. అలాగే 'చెంత'కు 'వింత' కుదురుతుంది, 'చేత' కుదరదు. ఇక్కడ ఆవృత్తమయ్యే అంశం ఒక్క వర్ణం కాదు. స్థానం, హల్లు, బిందువు, పూర్వాక్షరపు గురులఘుత్వం అనే నాలుగు అంశాలు కలిసిన ఒక గుర్తింపు. ఆ నాలుగింటినీ కలిపి ఒకే తాళంచెవిగా చేస్తే హ్యాష్ సెట్ పద్ధతి ప్రాసకు చక్కగా పనిచేస్తుంది. లళలకు అభేదాన్ని అంగీకరించే చోట వాటిని ముందుగా ఒకే గుర్తుకు మార్చుకోవాలి.

5.3. యతి: యతి విషయంలో ఆల్గరిథం అసలైన చిక్కును ఎదుర్కొంటుంది. యతిమైత్రికి అచ్చు, హల్లు రెండూ కుదరాలి. అచ్చులలో అ, ఆ, ఐ, ఔ ఒక వర్గం. ఇ, ఈ, ఎ, ఏ, ఋ మరొక వర్గం. ఉ, ఊ, ఒ, ఓ ఇంకొక వర్గం. హల్లులలో క, ఖ, గ, ఘ పరస్పరం మిత్రాలు. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది. ఇంతవరకు వర్గానికొక గుర్తు పెట్టి పోల్చడం సులభం. సంయుక్తాక్షరం వచ్చినప్పుడు ఈ సౌలభ్యం పోతుంది. అందులోని ఏ హల్లుతోనైనా యతి చెల్లుతుంది. కాబట్టి 'క్ర' అటు కకారంతోనూ ఇటు రేఫతోనూ కుదురుతుంది. కకారానికీ రేఫకూ మాత్రం మైత్రి లేదు.

గణితపరంగా ఇది ముఖ్యమైన విషయం. హ్యాష్ సెట్ పద్ధతి అంతా ఒక ఊహమీద ఆధారపడి ఉంది. మొదటిది రెండవదానితో, రెండవది మూడవదానితో సమానమైతే మొదటిది మూడవదానితో సమానమై తీరాలి. యతిమైత్రి ఆ ఊహకు లొంగదు. స్నేహితుని స్నేహితుడు స్నేహితుడు కానక్కర్లేదు. లాక్షణికులు ఈ సంబంధానికి సామ్యమని కాక మైత్రి అని పేరు పెట్టడం ఈ దృష్టితో ఎంతో సమంజసంగా కనిపిస్తుంది. దీనికి పరిష్కారం ప్రతి అక్షరానికీ ఒక గుర్తుకు బదులు గుర్తుల సమితిని ఇవ్వడం. రెండు అక్షరాల సమితులలో ఉమ్మడి గుర్తు ఉంటే యతి కుదిరినట్లు. 17వ శతాబ్దపు అప్పకవీయంలో యతిభేదాల చర్చ అంత విస్తారంగా ఉండడానికి ఒక కారణం ఇక్కడ బోధపడుతుంది. ఒకే నియమంతో తేలని సంబంధాన్ని సందర్భాలవారీగా విడదీసి చెప్పక తప్పదు.

6. ఆవృత్తికీ అలంకారానికీ మధ్య:

ప్రమాణమూ సామ్యమూ సక్రమంగా నిర్ణయించిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆవృత్తి ఉందని తేలినంత మాత్రాన అలంకారం ఉన్నట్లేనా?

ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, అంటే 20 అచ్చులు ఉంటాయి. వర్ణమాలలోని అచ్చులన్నీ లెక్కవేసినా 16. కాబట్టి ఏ కవి రాసిన ఏ ఉత్పలమాలలోనైనా మొదటి పాదంలోనే ఏదో ఒక అచ్చు తిరిగి రాక తప్పదు. ఇది పద్యాన్ని చూడకుండానే చెప్పగల మాట. వర్ణాల విషయంలోనూ అంతే. ముప్పయ్యారు వర్ణాలు సమాన అవకాశంతో వస్తాయనుకొన్నా, ఎనిమిది వర్ణాల వరుసలో ఏదో ఒకటి ఆవృత్తమయ్యే అవకాశం సగానికి మించి, సుమారు 57 శాతం ఉంటుంది. వాస్తవంలో వర్ణాల వాడుక సమానంగా ఉండదు కాబట్టి ఆ అవకాశం ఇంకా ఎక్కువే. అందుచేత ఆవృత్తి ఉందా లేదా అన్న ప్రశ్న పద్యం విషయంలో నిష్ప్రయోజనం. భారవి కిరాతార్జునీయం 15వ సర్గలో ఇంచుమించు నకారం ఒక్కదానితోనే కూర్చిన శ్లోకం వంటి చిత్రకవిత్వంలోనే ఆవృత్తి తనంతట తాను విశేషమవుతుంది. మిగిలిన చోట్ల ఏ వర్ణం, ఎన్నిసార్లు, ఎంత ఎడంతో, ఏ స్థానంలో అన్నవి చూడాలి. చకార వాక్యంలో లకారం నాలుగుసార్లు వచ్చినా అది ఏ పదానికీ మొదట లేదు. చకారం ఆరు పదాలకూ మొదటే ఉంది. చెవి పట్టుకొన్నది ఆ స్థానాన్నే.

స్థానం కూడా చివరి మాట కాదు. "ప్రభుత్వం ప్రజలకు పథకాలను ప్రకటించింది" అన్న వార్తావాక్యంలో నాలుగు పదాలూ పకారంతోనే మొదలవుతాయి. వాటిలో మూడింటి మొదట 'ప్ర' ఉంది. అంకెల ప్రకారం ఇది నిర్దుష్టమైన వృత్త్యనుప్రాస. ఏ విమర్శకుడూ దీనిని అలంకారంగా ఉదాహరించడు. ఈ పదాలను విషయమే తెచ్చింది, నాదం తేలేదు. చకార వాక్యంలో 'చెంత'కు బదులు 'దగ్గర', 'చెదిరింది'కి బదులు 'తప్పింది' అనే అవకాశం ఉండగా చకారపదాల ఎంపిక జరిగింది. అనుప్రాస రసానికి అనుగుణమైన విశిష్టవిన్యాసం కావాలన్న మమ్మటుని వివరణ ఈ భేదాన్నే సూచిస్తుంది. వర్ణసామ్యం లెక్కకు అందుతుంది, విన్యాసపు ఔచిత్యం అందదు. యమకంలోనూ ఇదే పరిస్థితి. తిరిగి వచ్చిన అక్షరసమూహాన్ని ఆల్గరిథం చూపగలదు. అర్థం మారితే యమకం, అర్థం ఒకటై తాత్పర్యం మారితే లాటానుప్రాస అన్న నిర్ణయం పాఠకునిదే.

ఇంతమాత్రాన గణన వ్యర్థమని భావించకూడదు. ఒక కవికి అనుప్రాసప్రీతి మెండు అని చెప్పడానికి విమర్శకులు సాధారణంగా కావ్యంలోని నాలుగైదు ప్రసిద్ధ పద్యాలను ఉదాహరిస్తారు. మిగిలిన వందల పద్యాల స్థితి పాఠకునికి తెలియదు. ఆల్గరిథం మొత్తం కావ్యాన్ని ఒకే ప్రమాణంతో చదువుతుంది. అదే కాలపు మరొక కావ్యంతోనో వచనంతోనో పోల్చి, సాధారణ స్థాయికి మించిన ఆవృత్తి ఎక్కడుందో చూపుతుంది. రుచించిన పద్యాలను మాత్రమే ఎంచుకొనే అలవాటుకు ఇది మంచి విరుగుడు. విమర్శకుని నిర్ణయానికి అది సాక్ష్యాన్ని సమకూరుస్తుంది.

7. ముగింపు:

1. తెలుగు పాఠంలో అక్షరావృత్తిని గుర్తించడంలో చిక్కు వెతికే పద్ధతిలో లేదు, వెతికే వస్తువును నిర్వచించడంలో ఉంది. సంకేతం, అక్షరం, వర్ణం అనే మూడు ప్రమాణాలలో దేనిని వాడారో ప్రతి పరిశోధనా స్పష్టంగా పేర్కొనాలి.

2. సంకేతాల లెక్కలో అకారం పూర్తిగా లోపిస్తుంది. పదాది అచ్చుకూ గుణింతపు గుర్తుకూ సామ్యం తెలియదు. కాబట్టి శబ్దాలంకార పరిశీలనకు పాఠాన్ని ముందుగా ఏకరూపంలోకి తెచ్చి వర్ణాలుగా విడదీయడం అవసరం.

3. అనుప్రాసకు హల్లు మాత్రమే చాలు. ప్రాసకు నాలుగు అంశాలు కలిసిన గుర్తింపు కావాలి. యతికి సామ్యం చాలదు, మైత్రి కావాలి. ప్రతి అలంకారానికీ, ప్రతి ఛందోనియమానికీ దాని సామ్యనియమాన్ని విడిగా రూపొందించాలి.

4. ఆవృత్తుల సంఖ్యను సాధారణ స్థాయితో పోల్చకుండా ఇస్తే అది ఏమీ నిరూపించదు. స్థానం, ఎడం, పదాల ఎంపికలోని స్వేచ్ఛ కూడా పరిశీలనలో చేరాలి.

5. వర్ణాల సంఖ్య, వర్ణాల సామ్యం వేరని మన వ్యాకర్తలూ లాక్షణికులూ గుర్తించారు. వారి నియమాలను యంత్రానికి అందే రూపంలో తిరగరాయడం తెలుగు భాషాసాంకేతికతకూ సాహిత్య విమర్శకూ ఉమ్మడి బాధ్యత. ఆ పని జరిగినప్పుడే పట్టికలోని అంకె పాఠకుని చెవికి వినిపించినదానితో సరిపోలుతుంది.